మాట పడ్డాం సరే... రాసి పెట్టుకున్నామా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం అడిగితే మొదట మెస్ మీద ఒక హాస్య వ్యాసం రాద్దామనుకున్నాం. రాయడానికి కూర్చున్నాక మనసు ఒప్పుకోలేదు. నాలుగేళ్లుగా మోస్తున్న బరువొకటి ఉంది. ముందు అది దించుకోవాలి. మేము డిగ్రీలో ఈ హాస్టల్‌కు వచ్చి, ఇప్పుడు పీజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లం. ఇరవై మూడేళ్లవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చేతపట్టిన మొదటివాళ్లం. మాకు తెలియక పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాం.

ఆ రాత్రి ఏం జరిగింది?

2021 డిసెంబర్. మేము డిగ్రీ రెండో సంవత్సరం. మా గదిలోని స్నేహితుడొకడు తరగతిలో ఒక శిక్షణకు ఎంపికయ్యాడు. ఆ రాత్రి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక సహవిద్యార్థి 'సర్కారు అల్లుళ్లకు అన్నీ ముందే' అని పెట్టి, మావాడిని కులం పేరుతో ఒక మాట అన్నాడు. గ్రూపులో అరవై మంది పైనే ఉన్నారు. కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు.

మేము ఏడుగురం డాబా మీదికి ఎక్కి ఫోన్లు తీశాం. పన్నెండు దాటేదాకా తిరిగి తిట్టాం. వాడి తల్లిని కూడా వదల్లేదు. గెలిచామనుకుని పడుకున్నాం. తెల్లారేసరికి అవతలివాడు తన మెసేజ్‌లు 'అందరికీ డిలీట్' చేసేశాడు. మావి మాత్రం అలాగే ఉన్నాయి. ఫిర్యాదు చేద్దామని కాలేజీకి వెళితే మా తిట్లే ప్రింటు తీసి మా ముందు పెట్టారు. 'వాడేమన్నాడో చూపించండి' అన్నారు. చూపించడానికి మా ఏడుగురి దగ్గరా ఒక్క స్క్రీన్‌షాట్ లేదు. చివరికి క్షమాపణ పత్రం రాసింది మేమే.

మావాడు ఆ గొడవలో ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి రోజు నుంచి క్లాసుకు రావడం తగ్గించాడు. సంక్రాంతి సెలవులకు ట్రంకు పెట్టె తీసుకుని ఊరికి వెళ్లాడు, తిరిగి రాలేదు. సెలవులకు పెట్టె ఎందుకని మేము అడగలేదు. మేము గొడవలో ఉన్నాం, వాడితో లేము. ఈ రెండు తప్పుల నుంచి మేము నేర్చుకున్నదే ఈ పాఠం.

ఒక్క పదం కోసం పోరాడిన మన ఊరివాడు

మాట పడి ఊరుకోకపోవడం మనతో మొదలైనది కాదు. లక్డీకాపూల్ నుంచి నాంపల్లి, ఆబిడ్స్ మీదుగా కోఠి దాకా నడిస్తే దగ్గర్లోనే ఇసామియా బజారు వస్తుంది. భాగ్యరెడ్డివర్మ మన పిల్లలకు బడి పెట్టిన చోటు అది. 1888లో ఇదే నగరంలో మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మన్యసంఘం స్థాపించారు. 1917 నవంబరులో బెజవాడలో 'పంచమ మహాసభ' పేరుతో పెద్ద సభ జరిగింది. అధ్యక్షుడిగా పిలిచింది ఆయననే. ఆయన మాత్రం ముందు ఆ పేరునే తప్పుబట్టారు. మనం ఐదో వర్ణం ఎలా అవుతాం, ఈ నేలకు మొదటివాళ్లం కదా అని వాదించారు. ఆ సభ 'ఆది ఆంధ్ర మహాసభ' అయింది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. ఆయన తిట్టుకు తిట్టు బదులివ్వలేదు. సభలో, అందరి ముందు, కారణాలు చెప్పి, పేరును మార్పించి, ఆ మార్పును రాతలోకి ఎక్కించారు. తర్వాత 1931లో సొంతంగా 'భాగ్యనగర్' పత్రిక కూడా నడిపారు. చేతిలో ఫోన్ లేని కాలంలో అదే ఆయన గొంతు. ఆయన 1939లో పోయారు. నూరేళ్లు దాటినా ఆయన మార్పించిన పేరు చరిత్రలో ఉంది.

కారంచేడు నేర్పిన పాఠం

1985 జూలై 16. ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె వాళ్లు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర అగ్రవర్ణ యువకులు గేదెల కుడితి బకెట్లు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే ఇదేమిటని అడిగారు. అడిగినందుకు కొట్టబోతే నీళ్లకు వచ్చిన మున్నంగి సువార్త చేతిలోని బిందె ఎత్తి అడ్డుకుంది. మరునాడు జూలై 17న పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు.

ఆ బిందె ఎత్తిన చేతికి ఆ తర్వాత ఎన్నో చేతులు తోడయ్యాయి. బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. అదే ఏడు సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు దాని ముందువరసలో నిలబడ్డారు. దేశంలో ఇలాంటి ఎన్నో ఘోరాల మీద, ఎన్నో ఉద్యమాల మీద 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమలైంది.

అయితే చట్టం ఉంటే చాలదని చుండూరు చెబుతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. ఈ చట్టం కింద అదే ఊళ్లో ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు సాక్ష్యాల్లో లోపాలున్నాయని అందరినీ విడుదల చేసింది. చనిపోయినవాళ్లు నిజం. ఏడ్చిన తల్లులు నిజం. అయినా కోర్టు ముందు ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అనే మూడు ప్రశ్నలు నిలబడ్డాయి. అంత పెద్ద కేసుకే ఆ మూడు ప్రశ్నలు అడ్డం వస్తే, మన వాట్సాప్ గొడవ ఏపాటిది?

తొమ్మిది రోజుల తేడా

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల పేరు మనకు కొత్త కాదు. కుట్టుమిషన్ మీద పిల్లలను చదివించిన తల్లి కొడుకు. 2015లో విద్యార్థి సంఘాల మధ్య వచ్చిన వివాదంలో అతన్నీ, మరో నలుగురు దళిత విద్యార్థులనూ హాస్టల్ నుంచి వెలివేశారు. నెలల తరబడి ఫెలోషిప్ డబ్బులు రాలేదు. జనవరి చలిలో ఆ ఐదుగురు క్యాంపస్‌లోనే గుడారం వేసి, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టి, అంబేడ్కర్ పటం పెట్టుకుని అక్కడే పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. ఎస్సీ, ఎస్టీ చట్టానికి చేసిన బలమైన సవరణలు జనవరి 26న అమల్లోకి వచ్చాయి. మధ్యలో తొమ్మిది రోజులే.

రోహిత్ బతికి ఉండగానే రాశాడు. డిసెంబరులో వైస్ ఛాన్సలర్‌కు లేఖ ఇచ్చాడు. ఆ రాతలు ఉన్నాయి కాబట్టే అతను పడిన బాధ గాలిమాట అని ఎవరూ కొట్టివేయలేకపోయారు. 2024 మేలో పోలీసులు అతను ఎస్సీ కాదంటూ కేసు మూసివేత నివేదిక వేసినప్పుడు మళ్లీ నిరసన లేచింది. మరింత దర్యాప్తు చేయిస్తామని అప్పుడు డీజీపీ ప్రకటించాల్సి వచ్చింది. ఆ డీజీపీ కార్యాలయం మన లక్డీకాపూల్‌లోనే, మనం రోజూ బస్సు దిగే దారిలోనే ఉంది. తల్లి రాధిక వేముల ఊరుకోలేదు. ముంబయిలో బిడ్డను పోగొట్టుకున్న డాక్టర్ పాయల్ తడ్వి తల్లితో కలిసి 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. విద్యాసంస్థల్లో వివక్షను అరికట్టడానికి యూజీసీ 2012లో చేసిన నియమాలు నిజంగా అమలు కావాలన్నదే ఆ ఇద్దరు తల్లుల పిటిషన్.

తమ్ముళ్లారా, ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రోహిత్‌ను మనం తలుచుకోవాల్సింది బతికి పోరాడినందుకు. అతను పోయిన తీరును మనలో ఎవరూ దారిగా తీసుకోకూడదు. మన చావు అవతలివాడికి పాఠం కాదు, మన అమ్మకు తీరని కడుపుకోత.

సముద్రం అవతల కూడా ఇదే కథ

మనకు కులం ఎలాగో అమెరికాలో నల్లవాళ్లకు రంగు అలాగ. 2020 మే 25న మినియాపొలిస్ నగరంలో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు పెట్టి చంపాడు. పోలీసుల మొదటి ప్రకటనలో ఆరోగ్యం బాగోలేక చనిపోయాడన్నట్టు రాశారు. కానీ డార్నెల్లా ఫ్రేజియర్ అనే పదిహేడేళ్ల నల్లజాతి అమ్మాయి అక్కడే నిలబడి మొత్తం ఫోన్‌లో తీసింది. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. 2021 ఏప్రిల్‌లో ఆ పోలీసు దోషి అని తేలింది. ఆ అమ్మాయి ఎవరినీ తిట్టలేదు. చేయి వణకకుండా ఫోన్ పట్టుకుంది, అంతే.

మన తెలుగువాళ్లకూ అక్కడ దెబ్బ తగిలింది. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను 'మా దేశం వదిలి పో' అంటూ ఒకడు కాల్చి చంపాడు. అడ్డం వెళ్లి బుల్లెట్ తిన్నది ఇయాన్ గ్రిలట్ అనే తెల్ల యువకుడు. ఈ సంగతి కూడా మరచిపోకూడదు. భార్య సునయన దుమాల దుఃఖంలోనే గొంతు విప్పి, మా వంటివాళ్లకు ఇక్కడ చోటుందా అని అడిగారు. ఆ తర్వాత అక్కడే ఉండి వలస వచ్చినవాళ్ల కోసం పనిచేశారు.

2023 జనవరి 23న సియాటిల్‌లో ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి రోడ్డు దాటుతుండగా పోలీసు కారు గుద్ది చనిపోయింది. ఇప్పుడు మాకున్న వయసే ఆమెకూ, 23. ఆమె ప్రాణం విలువ అంతంతే అన్న అర్థం వచ్చేలా మరో పోలీసు ఫోన్‌లో నవ్వుతూ మాట్లాడిన మాటలు అతని ఒంటిమీది కెమెరాలోనే రికార్డయ్యాయి. సెప్టెంబరులో అవి బయటికి రావడంతో గొడవ లేచింది. 2024 జూలైలో అతని ఉద్యోగం పోయింది. రికార్డే లేకపోతే ఆ నవ్వు ఎవరికి తెలిసేది?

అదే సియాటిల్ నగరం, జాహ్నవి పోయిన నెలలోపే, 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధిస్తూ తీర్మానించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. మనవాళ్లు విమానం ఎక్కేటప్పుడు కులాన్ని కూడా మోసుకుపోయారని దీన్నిబట్టి తెలుస్తుంది కదా. మనమూ ఒకసారి అద్దం చూసుకోవాలి. హైదరాబాద్‌లో చదివే ఆఫ్రికా విద్యార్థులను, ఈశాన్య రాష్ట్రాల పిల్లలను మనలో కొందరు బస్సులో ఏమని పిలుస్తున్నారో మాకు తెలుసు. ఆ నోటితోనే మనం సమానత్వం అడగలేం.

చట్టంలో మనకు పనికొచ్చేవి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారులో ఎస్సీ, ఎస్టీ చట్టం పుస్తకం కొన్నాం. ఆ గొడవ జరిగిన రెండేళ్లకు! అందులో మేము నేర్చుకున్నవి ఇవి.

సెక్షన్ 3(1)(ఆర్): ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని నలుగురికీ కనిపించే చోట కావాలని అవమానించడం నేరం. 3(1)(ఎస్): అలాంటి చోట కులం పేరుతో దూషించడం నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. దూషించినవాడు ఎస్సీ, ఎస్టీ కాని వాడై ఉండాలి.

ఇంటర్నెట్‌లో అందరూ చూసేలా పెట్టిన అవమానం కూడా 'నలుగురికీ కనిపించే చోటు' కిందికి వస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. అయితే ఎస్సీ వ్యక్తిని అన్న ప్రతి తిట్టూ ఈ చట్టం కిందికి రాదు, కులాన్నిబట్టి అవమానించే ఉద్దేశం ఉండాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక యూట్యూబ్ వీడియో కేసులో స్పష్టం చేసింది. కాబట్టి అన్న మాట అక్షరం పొల్లుపోకుండా మన దగ్గర ఉండడం ముఖ్యం.

ఎఫ్‌ఐఆర్ రాసే ముందు ప్రాథమిక విచారణ అక్కరలేదని 2018 సవరణ చెబుతుంది. ఆ సవరణ చెల్లుతుందని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. మనం చెప్పింది రాసుకుని మనకు చదివి వినిపించాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. అరవై రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు.

మనం చేయవలసినవి

1. ముందు ఫోన్ తిరగేయండి, వేళ్లను ఆపండి. బదులు రాయకముందే స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, టైము, పంపినవాడి నంబరు కనిపించాలి. ఇంకో ఫోన్‌తో కూడా ఫొటో తీయించండి.

2. అసలు మెసేజ్‌ను, అది వచ్చిన ఫోన్‌ను భద్రం చేయండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలి. ఫోన్ ఫార్మాట్ చేస్తే పని చెడుతుంది.

3. అదే రోజు నోటు పుస్తకంలో రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏ మాట, ఎవరు విన్నారు. చుండూరు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి.

4. మాట పడినవాడి దగ్గర ఇద్దరు ఉండండి. వాడితో కలిసి తినండి. వాడు ఒంటరిగా డాబా ఎక్కినా, పెట్టె సర్దినా, ఎందుకురా అని అడగండి. రాత్రయినా పగలయినా 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయవచ్చు.

5. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. వార్డెన్ గారికి, ప్రిన్సిపాల్ గారికి, పోలీసులకు ఎవరికిచ్చినా ఇదే పద్ధతి.

6. నంబర్లు గోడ మీద రాసుకోండి. అత్యాచారాల నిరోధక హెల్ప్‌లైన్ 14566. న్యాయసహాయం 15100. ర్యాగింగ్ 1800-180-5522. సైబర్ నేరాలు, ఆన్‌లైన్ మోసాలు 1930. అత్యవసరం 112.

7. ఆ తర్వాతే నలుగురిలో పెట్టండి. జరిగింది జరిగినట్టు, సొంత పేరుతో, తిట్టు లేకుండా.

చేయకూడనివి

తల్లినీ చెల్లినీ తిట్టకండి. ఆ రాత్రి మేము తిట్టిన ఆ తల్లికి ఆ గొడవతో ఏ సంబంధమూ లేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే మాకు సిగ్గేస్తుంది.

అత్యాచారానికి గురైన అమ్మాయి పేరు గానీ, ఫొటో గానీ, ఊరు గానీ ఫార్వర్డ్ చేయకండి. న్యాయం కావాలంటూ పంపినా అది నేరమే. నిజమో కాదో తెలియని పాత వీడియోలను కొత్తవన్నట్టు పంపకండి. ఒక్క అబద్ధం దొరికితే మన వంద నిజాలను కూడా అనుమానిస్తారు. లేని మాట ఉన్నట్టు ఫిర్యాదులో రాయకండి. ఈ చట్టం మన పెద్దలు రక్తం ధారపోసి తెచ్చుకున్నది, పగ తీర్చుకునే కత్తి కాదు.

మాట్లాడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. ఆన్‌లైన్ రాతలకు జైలు చూపించిన 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే నోరు విప్పడానికి భయపడనక్కరలేదు. విప్పే ముందు చేతిలో ఆధారం ఉందా లేదా చూసుకోవాలి, అంతే.

చివరి మాట

పల్లెల్లో ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం జరుపుతారు. అధికారులు మన వాడలకు వచ్చి కూర్చుంటారు. మన హాస్టల్లో కూడా అలాంటిదొకటి పెట్టుకుందాం. రీడింగ్ రూములో పత్రికల బల్ల దగ్గర ఒక నోటు పుస్తకం కట్టి ఉంచుతున్నాం. ఎవరు ఏ మాట పడినా అందులో తేదీ వేసి రాయవచ్చు. పేరు రాయడం ఇష్టం లేకపోతే మా గదికి వచ్చి చెప్పండి. ప్రతి ఆదివారం టిఫిన్ తర్వాత మేము అక్కడే ఉంటాం. దరఖాస్తు రాయడం రాకపోతే కూర్చుని రాసిస్తాం. పూర్వ విద్యార్థుల్లో వకీళ్లయిన అన్నలు నెలకొకసారి వస్తే మాకు కొండంత అండ.

మా స్నేహితుడికి ఈ సంచిక పోస్టులో పంపుతున్నాం. ఇప్పుడు వాడు ఊళ్లో ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. డిగ్రీ మధ్యలో ఆగింది. ఓపెన్ యూనివర్సిటీలో చేరమని పోయిన నెల ఫోన్‌లో అడిగాం. 'చూద్దాం లేరా' అన్నాడు. కాదు అనలేదు. ఆ రోజు నీ పక్కన కూర్చోవలసినవాళ్లం డాబా మీద ఫోన్లతో కూర్చున్నాం, క్షమించు తమ్ముడూ. నోటు పుస్తకం మొదటి పేజీలో 2021 డిసెంబర్ సంగతి మేమే రాశాం. అరవై మంది చూస్తుండగా నిన్నన్న మాట, మాకు గుర్తున్నంత వరకు, గుర్తున్నట్టే.

జై భీమ్!